ఖాళీ ఆఫీసు కరెంటు లెక్క: మహమ్మారి ఏడాదిలో మా కౌన్సిల్ వాతావరణ పని డైరీ

మా పట్టణ కౌన్సిల్ వాతావరణ కార్యాచరణ ప్రణాళికలో ఇంధనం లెక్కలు నా బాధ్యత. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ని మహమ్మారిగా ప్రకటించింది. ఆ నెలాఖరుకి మా ఆఫీసు మూతపడింది. ప్రణాళికలో రాసుకున్న పెద్ద పనులన్నీ ఆగిపోయాయి. ఆగకుండా నడిచింది కరెంటు మీటరు ఒక్కటే, అందుకే ఈ డైరీలో ఎక్కువ భాగం దాని గురించే. ఇదే పని చేయబోయే వేరే కౌన్సిల్ వాళ్లు ఉంటే, నేను పోగొట్టుకున్న వారాలు వాళ్లు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

కరెంటు మొత్తాలన్నీ యూనిట్లలోనే ఇస్తున్నాను, కార్బన్‌లో కాదు. ఒక యూనిట్ వెనక ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందనేది ఆ ప్రాంతపు గ్రిడ్‌ని బట్టి మారుతుంది. మీ గ్రిడ్ గుణకంతో మీరే హెచ్చించుకోండి.

దశ 1: మీటరు అసలు ఏం చెబుతోంది? (2020 ఏప్రిల్)

ఏప్రిల్ నెల బిల్లు 17,900 యూనిట్లు అని వచ్చింది. 2019 ఏప్రిల్‌లో అది 21,400. మనుషులు లేని నెలలో తగ్గింది ఇంతేనా అని రెండు రోజులు ఫైళ్లు తిరగేశాను. తర్వాత బిల్లు మూలన చిన్న అక్షరాల్లో కనపడింది: 'యావరేజ్'. రీడింగ్ తీసే మనిషి రాలేదు. అంతకు ముందు నెలల సగటు వేసి పంపారు. ఆ అంకెతో నేను అప్పటికే ఒక పట్టిక కట్టేశాను. మొత్తం చెరిపేశాను.

పాఠం: లాక్‌డౌన్ నెలల బిల్లులు చూసేటప్పుడు ముందుగా అది రీడింగా, సగటా చూసుకోండి.

దాంతో నేనే రీడింగ్ మొదలుపెట్టాను. ఏప్రిల్ 9 నుంచి 30 దాకా, రోజూ ఉదయం 7కి. డ్యూటీలో ఉన్న వాచ్‌మన్ ఫోన్‌లో ఫొటో తీసి పంపేవాడు. 21 రోజుల తేడా 208.3 వచ్చింది. అంటే రోజుకి 10 యూనిట్లు! ఎంత బాగా తగ్గిందో అనుకుని పై అధికారికి ఫోన్ కూడా చేశాను.

మా ఎలక్ట్రీషియన్ ఆ అంకె విని, "సార్, మెట్ల లైట్లే రోజుకి అంతకంటే ఎక్కువ కాలుస్తాయేమో, ఇంకోసారి చూడండి" అన్నాడు. చూశాను. పెద్ద కనెక్షన్లకి కరెంటు నేరుగా మీటరులోకి రాదు, దాన్ని ఒక నిష్పత్తిలో తగ్గించే సీటీల (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల) గుండా వస్తుంది. మా బోర్డు మీద 200/5 అని ఉంది. అంటే తెర మీద కనపడే అంకెని 40తో హెచ్చించాలి. కొన్ని మీటర్లు ఆ హెచ్చింపు చేసేసి చూపిస్తాయి, మాది చూపించదు.

1. 208.3 × 40 = 8,332 యూనిట్లు
2. 8,332 ÷ 21 = రోజుకి 397
3. 2019 ఏప్రిల్: 21,400 ÷ 30 = రోజుకి 713

మొదటి గట్టి అంకె: ఖాళీ ఆఫీసు రోజుకి 397 యూనిట్లు, అంటే జనం ఉన్నప్పటి వాడకంలో 56 శాతం. గంటకి సగటున 16.5 యూనిట్లు, అంటే 16.5 కిలోవాట్లు.

అధికారికి మళ్లీ ఫోన్ చేసి ముందు చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. నా దృష్టి మాత్రం అప్పుడే మారింది. తగ్గిన 44 శాతం మనం చేసింది కాదు, మనుషులు ఇంట్లో ఉండటం వల్ల తగ్గింది. మిగిలిన 56 శాతమే మన పని. ఒక కుర్చీ కూడా కదలని భవనంలో ఆ కరెంటు ఎవరి కోసం ఖర్చవుతోంది?

దశ 2: 16.5 కిలోవాట్ల వేట (మే 4 నుంచి 16)

పనిముట్లు: క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టుకుని ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చూపించేది), టార్చి, సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్, చాక్‌పీసు. మాస్కులు వేసుకుని నేను, ఎలక్ట్రీషియన్ ఇద్దరమే. ఒకరు బోర్డు దగ్గర, ఒకరు మీటరు దగ్గర.

మొదటి ప్రయత్నం చెడింది. ప్రతి సర్క్యూట్‌కీ క్లాంప్ పెట్టి, వచ్చిన ఆంపియర్లని వోల్టేజితో హెచ్చించి కూడాను. మొత్తం 21 కిలోవాట్లు దాటింది. ముక్కల మొత్తం అసలు కంటే ఎక్కువ కావడం కుదరని పని. కారణం పాత చోకులు. ఇనుప చోకు ఉన్న ట్యూబులైటు పవర్ ఫాక్టర్ (పారే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.5 దగ్గర ఉంటుంది. క్లాంప్ చూపించే ఆంపియర్లలో సగమే మీటరు యూనిట్లుగా లెక్కకట్టేది. మామూలు క్లాంప్ మీటరుతో వాట్లు తెలియవు. పవర్ ఫాక్టర్ కొలిచే రకం కావాలి, అది మా దగ్గర లేదు. ఆ నెలలో తెప్పించుకునే దారీ లేదు.

రెండో పద్ధతికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. మీటరు మీద ఒక ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. మాదానికి 3200 మెరుపులు ఒక యూనిట్, దాన్ని మళ్లీ 40తో హెచ్చించాలి.

1. 5 నిమిషాల పాటు మెరుపులు లెక్కపెట్టాలి.
2. ఒక ఎంసీబీ (బోర్డులో ఒక్కో లైన్‌కి ఉండే స్విచ్) ఆపి, మళ్లీ 5 నిమిషాలు లెక్కపెట్టాలి.
3. తేడాని 12తో, తర్వాత 40తో హెచ్చించి, 3200తో భాగించాలి. వచ్చేది కిలోవాట్లు.

మొదటి రోజు లెక్కలు ఒకదానితో ఒకటి పొసగలేదు. అదే లైన్ ఆపితే ఒకసారి 16 మెరుపులు తగ్గేవి, ఇంకోసారి 8 పెరిగేవి. మధ్యాహ్నానికి అర్థమైంది: మధ్యలో నీళ్ల మోటారు తనంతట తానే ఆన్ అవుతోంది. మర్నాడు మోటారు స్విచ్ ఆపేసి మళ్లీ మొదలుపెట్టాం. పగలు, బయటి లైట్లు లేకుండా, మోటారు లేకుండా 84 మెరుపులు. కారిడార్, మెట్ల లైట్లు ఆపితే 68. అంటే 16 తగ్గాయి, 2.4 కిలోవాట్లు. 50 ట్యూబులైట్లు, ఒక్కోటి చోకుతో కలిపి 48 వాట్లు. కాగితం మీద లెక్కా, మెరుపుల లెక్కా ఒకటే అయింది. ఆ రోజు పొందిన తృప్తి నాకు ఇంకా గుర్తుంది.

దొరికినవి, 24 గంటల సగటున:

- సర్వరు గది: 5.2 కిలోవాట్లు (అందులో ఏసీలే 3.1)
- కారిడార్, మెట్ల లైట్లు, పగలూ రాత్రీ: 2.4
- నీళ్ల మోటారు: 2.2
- బయటి ఫ్లడ్ లైట్లు, రాత్రి పూట 12 గంటల సేపు: 1.7
- స్టాండ్‌బైలో ఉన్న ప్రింటర్లు, మానిటర్లు, స్టెబిలైజర్లు: 1.6
- 6 వాటర్ కూలర్లు: 1.2

ఇప్పటిదాకా దొరికింది: 14.3. దొరకనిది: 2 పైచిలుకు.

ఆ రెండు కిలోవాట్ల కోసం మూడు రోజులు తిరిగాం. తెలిసిన సర్క్యూట్లన్నీ ఆపి, సర్వరు గది లెక్క తీసేసినా ఇంకా 14 మెరుపులు మిగులుతున్నాయి. ఏ బోర్డు తెరిచినా అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం వెనక గోడ పక్కన నిలబడ్డాం. ఎలక్ట్రీషియన్ ఉన్నట్టుండి నేల వైపు చూపించాడు. గోడ అడుగున అరచేయంత వెడల్పున పచ్చటి నాచు పట్టింది. వాన పడి వారాలైంది, చుట్టూ మట్టి పొడిపొడిగా ఉంది. తలెత్తి చూస్తే రెండో అంతస్తు కిటికీ దగ్గర సన్నటి గొట్టం. దాని అంచున నీటిచుక్క పెరిగి, వేలాడి, టప్పున పడింది. ఇంకోటి పెరగడం మొదలైంది.

అది రికార్డు గది. రెండు విండో ఏసీలు మార్చి నుంచి నడుస్తూనే ఉన్నాయి. గదికి తాళం. తాళంచెవి ఉన్న అధికారి క్వారంటైన్‌లో ఉన్నారు. ఆ గదికి కరెంటు పాత భవనం బోర్డు నుంచి వస్తుంది. కొత్త భవనం పటంలో అది లేనే లేదు. బోర్డులో ఫ్యూజు తీయగానే మీటరు నెమ్మదించింది. లెక్కపెడితే సరిగ్గా 14 తగ్గాయి: 2.1 కిలోవాట్లు.

ఆ ఏసీలు ఆర్-22 గ్యాసువి. ఇలాంటివి తీసేసేటప్పుడు గ్యాసుని గాల్లోకి వదిలేయనివ్వకండి. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం) నాలుగో నివేదిక గుణకం ప్రకారం ఒక కిలో ఆర్-22, నూరేళ్ల లెక్కన 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు డీజిల్‌కి 2.68 కిలోలు అనుకుంటే అది 675 లీటర్ల డీజిల్ తగలబెట్టినట్టు.

దశ 3: ఆపడం, మార్చడం (మే 18 నుంచి జూన్ 7)

రోజుకి ఎన్ని యూనిట్లు మిగిలిందో, పక్కన మొత్తం:

1. రికార్డు గది ఏసీలు: 50. మొత్తం 50.
2. నీళ్ల మోటారు: 41. మొత్తం 91.
3. కారిడార్ లైట్లు: 43. మొత్తం 134.
4. వాటర్ కూలర్లు: 29. మొత్తం 163.
5. స్టాండ్‌బై సామాన్లు: 24. మొత్తం 187.
6. సర్వరు గది ఏసీ: 19. మొత్తం 206.

మోటారు సంగతి కాస్త చెప్పాలి. 5 హెచ్‌పీ మోటారు రోజుకి 14 గంటలు నడుస్తోంది. ట్యాంకులో ఫ్లోట్ వాల్వ్ అరిగిపోయి మూసుకోవడం లేదు. నిండిన నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నేరుగా కాలవలోకి వెళ్తున్నాయి. గొట్టం చివర కాలవ లోపలే ఉండటంతో ఎవరికీ కనపడలేదు. ఇన్నేళ్లు ఇటు కరెంటు, అటు తాగే నీరు ఒకే గొట్టంలోంచి పోయాయి. వాల్వ్ మార్చాక మోటారు రోజుకి 3 గంటలే నడుస్తోంది. ఓవర్‌ఫ్లో గొట్టాన్ని పక్కకి తిప్పి, వాచ్‌మన్ కుర్చీకి ఎదురుగా పడేలా పెట్టాం. ఇక కారితే ఆ రోజే తెలుస్తుంది.

సర్వరు గదిలో తప్పు నాదే. ఏసీలు 18 డిగ్రీల మీద ఉన్నాయి. సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండొచ్చని ఆష్రే (అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం) మార్గదర్శకాలు చెబుతాయి. నేను రిమోట్ మీద 27 పెట్టి ఇంటికెళ్లాను. రాత్రి రెండింటికి యూపీఎస్ అలారం కొట్టింది. రిమోట్ మీది 27 వేరు, ర్యాక్ ముందు గాలి 27 వేరు. ర్యాక్ ముందు థర్మామీటరు పెడితే 31 ఉంది. 24కి దించాం. ర్యాక్ ముందు 26 దగ్గర నిలబడింది. ముందు థర్మామీటరు కట్టండి, ఆ తర్వాతే రిమోట్ ముట్టుకోండి. ఒకేసారి కాకుండా రోజుకొక డిగ్రీ పెంచండి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు.

లైట్లలో సగం తీసేసి, మిగతావాటికి టైమరు పెట్టాం. రాత్రి పూట 12 గంటల సేపే వెలగాలి.

జూన్ మొదటి వారం రీడింగ్: రోజుకి 202. కాగితం లెక్క ప్రకారం 397లోంచి 206 పోతే 191 రావాలి. 11 ఎక్కువ. అవి ఎక్కడివో దొరకలేదు. వెతుకుతుంటే టైమరు తప్పు ఒకటి బయటపడింది. బ్యాటరీ లేని రకం కొన్నాం. కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం అంతసేపు వెనకబడుతుంది. వారం తిరిగేసరికి లైట్లు ఉదయం పదింటి దాకా వెలుగుతున్నాయి. బ్యాటరీ ఉన్నది తెప్పించి మార్చాం. 

ఫ్లడ్ లైట్లు ఆగస్టులో వచ్చాయి. సరుకు రవాణా ఆగిపోయి మూడు నెలలు ఆలస్యం. 400 వాట్లవి 8 తీసి, 150 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టాం. పాత లైట్ల చోకులు తాగే కరెంటుతో కలిపి రోజుకి 27 మిగిలింది. మొత్తం 233.

దశ 4: జనం తిరిగొచ్చారు, గాలి కావాలి (సెప్టెంబరు)

ఇక్కడ నా లెక్కలు నాకే అడ్డొచ్చాయి. కౌన్సిల్ హాల్లో సమావేశాలు మళ్లీ మొదలయ్యాయి. వైరస్ గాల్లో వ్యాపిస్తుందన్న ఆందోళన పెరుగుతోంది. కిటికీలు తెరవాలి. తెరిస్తే చల్లగాలి బయటికి పోతుంది, ఏసీ ఆపకుండా నడుస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి సంపాదించాం. గదిలో మనుషులు వదిలిన గాలి ఎంత పేరుకుందో దాంతో అంచనా వేయొచ్చు. మొదటి రోజు దాన్ని నా ముందు బల్ల మీదే పెట్టుకున్నాను. 2,400 పీపీఎం (గాల్లో పది లక్షల పాళ్లకి 2,400 పాళ్లు) చూపించింది. అది నా ఊపిరి. మనుషులకి ఒకటిన్నర మీటరు దూరంలో, కూర్చున్న వాళ్ల తల ఎత్తున గోడకి పెట్టాలి. అంతకంటే ముందు బయట పెట్టి సరిచూసుకోవాలి. 2020లో అయితే ఆరుబయట 415 దగ్గర చూపించాలి.

సరిగ్గా పెట్టాక:

- 40 మంది, కిటికీలు మూసి, 50 నిమిషాలకి: 1,900 పీపీఎం
- 40 మంది, ఎదురెదురు కిటికీలు తెరిచి: 780
- 20 మంది, ఒకవైపు కిటికీలే తెరిచి: 850

రెండు గంటల సమావేశానికి ఏసీ వాడకం 9 యూనిట్ల నుంచి 15కి పెరిగింది. యూనిట్లు పెరిగినా కిటికీలు తెరిచే ఉంచమన్నాను. మనుషుల ఊపిరి పణంగా పెట్టి దాచే యూనిట్ నాకు వద్దు. వాతావరణం కోసం చేసే పని కూడా చివరికి మనుషుల కోసమే. తర్వాత సమావేశాలు ఉదయం 8కి మార్చారు. చాలా రోజులు ఫ్యాన్లతోనే సరిపోయింది.

దశ 5: చెత్త బండ్లు, ఎరువు గుంత

ఇది క్లుప్తంగా. క్వారంటైన్ ఇళ్ల చెత్తకి విడి బండి తిప్పాం. డీజిల్ వారానికి 310 లీటర్ల నుంచి 365కి పెరిగింది. 55 లీటర్లంటే వారానికి 147 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇది తగ్గించమని నేను అడగలేదు. పారిశుధ్య కార్మికుల భద్రత ఆ బండి మీదే ఆధారపడి ఉంది.

ఎరువు గుంత విషయంలో మాత్రం నష్టపోయాం. మనుషులు చాలక మూడు వారాలు తిరగేయలేదు. అడుగు లోతున థర్మామీటరు గుచ్చితే 34 డిగ్రీలే. కుళ్లిన గుడ్డు వాసన. గాలి ఆడకపోతే చెత్త మీథేన్ వదులుతుంది. ఐపీసీసీ ఐదో నివేదిక ప్రకారం నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడెక్కిస్తుంది. మేలు కోసం పెట్టిన గుంత కీడు చేస్తోంది.

1. చెత్తలో కలిసిన మాస్కులు, గ్లవ్స్‌ని పొడవాటి పట్టకార్లతో ఏరించాం.
2. రెండు పాళ్ల తడి చెత్తకి ఒక పాలు ఎండుటాకులు కలిపాం.
3. రెండు రోజులకోసారి తిరగేశాం.

నాలుగో రోజుకి 58 డిగ్రీలు. వాసన పోయింది. మనుషులు తగ్గే పరిస్థితి వస్తే గుంత నింపడం ముందు తగ్గించండి. తిరగేయడం మాత్రం మానకండి.

దశ 6: నివేదికలో ఏం రాయాలి? (2020 డిసెంబరు నుంచి 2021 మార్చి)

'ఏడాదిలో 44 శాతం ఉద్గారాల తగ్గింపు' అని ప్రకటన సిద్ధమైంది. నేను ఒప్పుకోలేదు. రెండు సమావేశాలు దీని మీదే గడిచాయి.

నేను చూపించింది ఇది. 2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచమంతటా రోజువారీ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు 2019 సగటు కంటే దాదాపు 17 శాతం పడిపోయాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఏడాది మొత్తం మీద చూస్తే తగ్గుదల 5 శాతం పైచిలుకే. అంత తగ్గినా, హవాయిలో గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే మౌనా లోవా కొండ మీద 2020 మే సగటు 417 పీపీఎం, అప్పటికి అదే రికార్డు. కుళాయి కాస్త తిప్పినంత మాత్రాన నిండుతున్న తొట్టిలో మట్టం దిగదు. (ఈ పేరా 2021 జూన్‌లో మళ్లీ చూస్తే, ఆ ఏడాది మే సగటు 419కి చేరింది.)

ఇంకో సంగతి. ఉద్యోగులు ఇంటి నుంచి పని చేస్తే వాళ్ల ఫ్యాన్లు, కంప్యూటర్ల కరెంటు ఇంటి మీటరులోకి వెళ్తుంది. కౌన్సిల్ సొంత లెక్కలో అది తగ్గుదలలా కనపడుతుంది. నగరాల ఉద్గారాల లెక్కకి 2014లో వచ్చిన జీపీసీ పద్ధతిలో పట్టణం మొత్తం లెక్క వేస్తే, అదే కరెంటు నివాసాల వరుసలో తేలుతుంది. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసినదాన్ని ఆదా అనలేం.

చివరికి కుదిరిన పద్ధతి, మీరూ వాడుకోవచ్చు:

1. 2020ని ఆధార సంవత్సరంగా తీసుకోవద్దు. మేం 2019 ఉంచాం.
2. ప్రతి తగ్గుదలకి రెండు గడులు: 'జనం లేక తగ్గింది', 'మనం మార్చి తగ్గించింది'.
3. రెండో గడిలో రాయాలంటే ముందు, తర్వాత మీటరు రీడింగ్ ఉండాలి. లేకపోతే ఖాళీగా వదలాలి.

2021 ఫిబ్రవరిలో దాదాపు అందరూ ఆఫీసుకొస్తున్నారు. మహమ్మారికి ముందు 2020 ఫిబ్రవరిలో రోజుకి 604 యూనిట్లు. ఇప్పుడు 452. తగ్గింది 152, అంటే 25 శాతం. నా కాగితం 233 అంది. మిగతా 81 ఎక్కడికి పోయింది?

- కూలర్లు ఆరూ మళ్లీ పెట్టారు: 29. నీళ్లు కావాలి, అది న్యాయమే. సాయంత్రం ఆపడం మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది.
- రికార్డు గదిలో ఒక ఏసీ మళ్లీ ఆన్ చేశారు: 25. కాగితాలు చెమ్మగిల్లుతాయని.
- మిగిలిన 27లో కిటికీలు తెరిచి ఏసీ నడిపిన భాగం ఉండే ఉంటుంది. విడిగా కొలవలేదు కాబట్టి దానికి పేరు పెట్టను.

నివేదికలో 44 పోయి 25 వచ్చింది. ఆ 25లో ప్రతి యూనిట్‌కీ మీటరు రీడింగ్ ఉంది.

ఈ వారం చేస్తున్నది

రికార్డు గదిలో తేమ కొలిచే పరికరం పెట్టాం. ఏసీ ఉన్న వారం, లేని వారం, ఫ్యాన్ మాత్రమే ఉన్న వారం, మూడూ కొలుస్తున్నాం. కాగితాలకి నిజంగా ఏసీ అవసరమైతే ఉంచుతాం. వాటర్ కూలర్లకి బ్యాటరీ ఉన్న టైమర్లు ఆరు వచ్చాయి, నాలుగు బిగించాం. ఉదయం 7 రీడింగ్ వాచ్‌మన్ ఇప్పటికీ పంపుతున్నాడు. నిన్నటిది 448.